ఆఫీసులో తీసేసిన రెండు పాత స్విచ్‌లు చేతికొచ్చాయి: బాగు చేసుకోవాలా, వేరేది కొనాలా?

పోర్ట్24:

అందరికీ నమస్తే. నెట్‌వర్కింగ్ కొత్తగా నేర్చుకుంటున్నాను, సీసీఎన్ఏ (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) రాద్దామని ఉంది. మా బాబాయి వాళ్ల ఆఫీసులో కొత్తవి పెట్టి పాత స్విచ్‌లు మూలన పడేస్తుంటే, ఆయన అడిగి రెండు తెచ్చి ఇచ్చారు. రెండూ సిస్కో క్యాటలిస్ట్ 2950, 24 పోర్టులవి. ఒకదాన్ని ఏ అని, ఇంకోదాన్ని బీ అని అనుకుందాం.

ఏ ఆన్ అవుతుంది, సిస్టమ్ లైటు ఆకుపచ్చగా నిలుస్తుంది. కన్సోల్ కేబుల్ (స్విచ్‌ను పీసీ నుంచి నేరుగా నడిపే వైరు) పెట్టి పుట్టీ (టెర్మినల్ ప్రోగ్రామ్) తెరిస్తే మాత్రం అన్నీ చెత్త అక్షరాలే. ఎంటర్ కొడితే ఇంకో నాలుగు చెత్త అక్షరాలు. పీసీ పెడితే నెట్‌వర్క్ పని చేస్తోంది గానీ, కేబుల్ గుచ్చాక ఐపీ రావడానికి అరనిమిషం పడుతోంది. ఐదో పోర్టులో ఇంకో వింత: పింగ్ చక్కగా వెళ్తుంది, పెద్ద ఫైలు కాపీ పెడితే నత్తనడక. అదే కేబుల్ పదో పోర్టులో పెడితే బాగానే ఉంది.

బీ అసలు బూట్ కాదు. కన్సోల్‌లో లోడింగ్ ఎర్రర్ ఏదో చూపించి "స్విచ్:" అన్న ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. రెండింటినీ మామూలు ల్యాన్ కేబుల్‌తో కలిపితే లైటే వెలగదు.

వీటి మీద టైమ్ పెట్టడం దండగా? కొనాల్సి వస్తే ఏది కొనాలి? జేబు చిన్నది, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.


జీరోహార్డ్‌వేర్:

నా మాట వింటే రెండూ తూకానికి వేసేయండి. 2950 అంటే 10/100 పోర్టులు, ఐఓఎస్ (సిస్కో స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) 12.1 కాలం. ఇప్పటి సీసీఎన్ఏ 200-301, అది 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో వైర్‌లెస్, ఆటోమేషన్ కూడా ఉన్నాయి, ఈ డబ్బా వాటికి ఎందుకూ పనికిరాదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తీసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ (నెట్‌వర్క్ సిమ్యులేటర్) ఉచితం. పది స్విచ్‌లు, నాలుగు రౌటర్లు స్క్రీన్ మీదే పెట్టుకోవచ్చు. ఫ్యాన్ మోత లేదు, కరెంటు బిల్లు లేదు. ఇంట్లో వాళ్ల తిట్లు కూడా ఉండవు.


రాత్రిషిఫ్ట్:

తూకానికి వేయొద్దండి, కనీసం ఈ వారం ఆగండి. 'ఏ' అన్న స్విచ్‌లో రోగం ఉన్నట్టే లేదు, మీరు చెప్పినవన్నీ పాత అడ్మిన్ వదిలి వెళ్లిన సెట్టింగుల్లాగే ఉన్నాయి. బీ సంగతి కొంచెం వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కన్సోల్‌లో ఏమీ రాకపోవడం వేరు, చెత్త రావడం వేరు. ఏమీ రాకపోతే కేబుల్‌నో, యూఎస్‌బీ కన్వర్టర్ డ్రైవర్‌నో అనుమానించాలి. చెత్త వస్తోందంటే వైరు బాగుంది, స్విచ్ మాట్లాడుతోంది, మీ పుట్టీ వేరే వేగంలో వింటోంది. సిస్కో డిఫాల్ట్ 9600 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు), 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. మీరు పెట్టింది అదే అయి ఉంటుంది. దాన్ని 115200 చేసి ఎంటర్ కొట్టి చూడండి. కాకపోతే 57600, 38400, 19200. నా పందెం 115200 మీదే. ఎప్పుడో ఎవరో కన్సోల్ నుంచే ఐఓఎస్ ఇమేజ్ ఎక్కించడానికి వేగం పెంచి, పని అయ్యాక దించకుండా వెళ్లిపోయి ఉంటారు. సెకండ్ హ్యాండ్ స్విచ్‌లలో ఇది మామూలే. పుట్టీలోనే ఫ్లో కంట్రోల్ 'నన్' పెట్టండి. అక్షరాలు సరిగ్గా కనిపిస్తూ మీరు కొట్టేది మాత్రం ఎక్కకపోతే తప్పు అక్కడే ఉంటుంది.

లోపలికి వెళ్లాక పాస్‌వర్డ్ అడుగుతుంది, మీ దగ్గర ఉండదు. పవర్ కార్డ్ తీసేసి, ముందు వైపు ఉన్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ పవర్ ఇవ్వండి. స్టాట్ లైటు ఆరాక వదలండి. "స్విచ్:" ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ ఫ్లాష్_ఇనిట్, తర్వాత లోడ్_హెల్పర్, తర్వాత డిర్ ఫ్లాష్: కొడితే ఫైళ్లు కనబడతాయి. కాన్ఫిగ్.టెక్స్ట్ అన్న ఫైలును రీనేమ్ కమాండ్‌తో కాన్ఫిగ్.ఓల్డ్ అని మార్చి, బూట్ కొట్టండి. పైకి లేచాక సెటప్ డైలాగ్ కావాలా అని అడుగుతుంది, 'నో' చెప్పండి. ఎనేబుల్ కొడితే పాస్‌వర్డ్ లేకుండానే లోపల ఉంటారు.

చాలామంది ఇక్కడే పాత కాన్ఫిగ్ చెరిపేస్తారు. మీరు మాత్రం చెరపకండి. ఎనేబుల్‌లో ఉండగానే ఫైలు పేరు తిరిగి మార్చి, కాపీ ఫ్లాష్:కాన్ఫిగ్.టెక్స్ట్ సిస్టమ్:రన్నింగ్-కాన్ఫిగ్ అని కొడితే పాత సెట్టింగులన్నీ వచ్చేస్తాయి, మీరు లోపలే ఉంటారు. ఇప్పుడు షో రన్నింగ్-కాన్ఫిగ్ తీరిగ్గా చదవండి. నిజంగా నడిచిన నెట్‌వర్క్ కాన్ఫిగ్ అది, ఏ ల్యాబ్ పుస్తకంలోనూ అలాంటిది దొరకదు. ఒక్క విషయం, దాన్ని ఇక్కడ పేస్ట్ చేయకండి. ఆ ఆఫీసు పాస్‌వర్డ్‌లు, ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ పేర్లు (నెట్‌వర్క్ పర్యవేక్షణకి వాడే రహస్య పదాలు) అందులో ఉంటాయి, మీ బాబాయి గారికి లేనిపోని తలనొప్పి.

ఐదో పోర్టు: కాన్ఫిగ్‌లో ఆ పోర్టు కింద 'స్పీడ్ 100', 'డ్యూప్లెక్స్ ఫుల్' అని ఉంటాయని నా నమ్మకం. ఫుల్ అంటే రెండు వైపులా ఒకేసారి పంపడం, హాఫ్ అంటే వంతులవారీగా. స్విచ్ వైపు ఇలా బిగించేస్తే అది నెగోషియేషన్ (అవతలి వైపుతో ఇవి మాట్లాడుకోవడం) మానేస్తుంది. పీసీ మాత్రం ఆటోలోనే ఉంది. వేగం ఎంతో సిగ్నల్ చూసి కనిపెట్టగలదు, అవతల ఫుల్లా హాఫా అన్నది తెలిసే దారి లేదు. రూల్ ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌కి దిగిపోతుంది. ఇక ఒకరు ఎప్పుడు పడితే అప్పుడు పంపుతారు, ఇంకొకరు లైన్ ఖాళీగా ఉంటేనే పంపుతారు. పింగ్ చిన్న ప్యాకెట్, ఎప్పుడో ఒకటి, దూరిపోతుంది. ఫైలు కాపీలో రెండు వైపులా రద్దీ కాబట్టి ఢీకొంటాయి. షో ఇంటర్‌ఫేసెస్ ఎఫ్ఏ0/5 కొట్టి సీఆర్‌సీ (చెడిపోయిన ఫ్రేములు), రంట్స్ (తుంచుకుపోయిన ఫ్రేములు) అంకెలు చూడండి. కాపీ పెట్టి మళ్లీ చూడండి. అంకెలు పెరుగుతూ ఉంటే ఇదే. లేట్ కొలిజన్లు హాఫ్ వైపు, అంటే పీసీ వైపు లెక్కలో పడతాయి, స్విచ్‌లో వాటి కోసం వెతక్కండి. రెండూ ఆటో చేస్తే సరిపోతుంది. ప్యాకెట్ ట్రేసర్‌లో ఈ అంకెలు ఇలా కళ్ల ముందు పెరగడం చూడలేరు, జీరోహార్డ్‌వేర్ గారూ :)

అరనిమిషం సంగతి జబ్బే కాదు. 802.1డీ స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసే పద్ధతి) ప్రకారం పోర్టు లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు ఉండి అప్పుడు ఫార్వర్డింగ్‌కి వస్తుంది. ఆ 30 సెకన్లూ పోర్టు లైటు కాషాయం రంగులో ఉండి, తర్వాత ఆకుపచ్చకి మారుతుంది, గమనించండి. పీసీ పెట్టే పోర్టుల మీద ఈ ఆగడం తప్పించే స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్ పెట్టుకోండి. స్విచ్‌కి స్విచ్ కలిపే పోర్టు మీద మాత్రం వద్దు.

రెండింటి మధ్య లైటు రాకపోవడానికి రెండు కారణాలు. బీ బూటే కాలేదు కాబట్టి ఇప్పుడు ఎలాగూ రాదు. బూట్ అయినా మామూలు కేబుల్‌తో రాదు, ఎందుకంటే 2950లో ఆటో ఎండీఐఎక్స్ (కేబుల్ రకాన్ని బట్టి పోర్టే సర్దుకోవడం) లేదు. క్రాస్ఓవర్ కేబుల్ కావాలి. కేబుల్ రెండు కొసలూ పక్కపక్కన, క్లిప్పులు కిందికి ఉండేలా పట్టుకుని రంగులు చూడండి. రెండూ ఒకేలా ఉంటే స్ట్రెయిట్. ఆకుపచ్చ జత, ఆరెంజ్ జత తారుమారై ఉంటే క్రాస్ఓవర్ (1 వెళ్లి 3కి, 2 వెళ్లి 6కి). ఎనిమిది వైర్లూ మొత్తం తలకిందులై ఉంటే రోలోవర్, అంటే కన్సోల్‌ది. క్రింపింగ్ టూల్ ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే పాత కేబుల్ ఒక కొస కోసి మీరే చేసుకోవచ్చు, కొనక్కర్లేదు.

బీ దగ్గర "స్విచ్:" ప్రాంప్ట్‌లో ఫ్లాష్_ఇనిట్, డిర్ ఫ్లాష్: కొట్టి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి.


పోర్ట్24:

అన్నా, 115200 పెట్టగానే తెలుగు పేపర్ చదివినట్టు చదివేశాను! ఐదో పోర్టులో మీరు చెప్పిన రెండు లైన్లూ అలాగే ఉన్నాయి. సీఆర్‌సీ అంకె కాపీ పెట్టినప్పుడల్లా పెరుగుతోంది. ఆటో చేశాక ఆగింది.

బీలో ఫ్లాష్_ఇనిట్ ఎర్రర్ లేకుండా అయింది. డిర్‌లో కాన్ఫిగ్.టెక్స్ట్, వీలాన్.డాట్, ఇంకేవో చిన్న ఫైళ్లు ఉన్నాయి. .బిన్ ఫైలు మాత్రం ఎక్కడా లేదు.


రాత్రిషిఫ్ట్:

మంచి వార్తే. ఫ్లాష్_ఇనిట్ దగ్గరే ఎర్రర్లు వరస కడితే ఫ్లాష్ చిప్ పోయిందని వదిలేయమనేవాణ్ని. ఇక్కడ చిప్ బాగుంది, ఐఓఎస్ ఇమేజ్‌ని ఎవరో చెరిపేశారు.

ఇమేజ్ కోసం ఊరూపేరూ లేని సైట్లలో వెతక్కండి, ఏం కలిపి ఇస్తారో తెలియదు. అదే మోడల్ ఇంకోటి, 'ఏ' స్విచ్, మీ పక్కనే ఉంది. ఏలో వీలాన్ 1కి (వీలాన్ అంటే స్విచ్ లోపల విడదీసిన వేరు నెట్‌వర్క్) ఐపీ ఇచ్చి, పీసీలో టీఎఫ్‌టీపీ (సులువైన ఫైలు బదిలీ పద్ధతి) సర్వర్ నడిపి, కాపీ ఫ్లాష్: టీఎఫ్‌టీపీ: తో .బిన్ ఫైలు పీసీలోకి లాగండి. ఆగిపోతే ముందు పీసీ ఫైర్‌వాల్ చూడండి, యూడీపీ 69 ఆపేసి ఉంటుంది.

తర్వాత దాన్ని బీకి కన్సోల్ మీదుగా ఎక్స్‌మోడెమ్ అనే ఫైలు బదిలీ పద్ధతితో పంపాలి. పుట్టీలో ఎక్స్‌మోడెమ్ లేదు, టెరాటర్మ్ వాడండి. ఇక్కడ లెక్క చూసుకోండి. 9600 బాడ్ అంటే సెకనుకు 960 బైట్లు. ఇమేజ్ సుమారు 3 ఎంబీ. గంట దాకా పడుతుంది, మధ్యలో కేబుల్ కదిలితే మళ్లీ మొదటికి. అందుకే ముందు సెట్ బాడ్ 115200 కొట్టండి. వెంటనే స్క్రీన్ మీద చెత్త మొదలవుతుంది, కంగారు వద్దు, టెర్మినల్ వేగం కూడా 115200 చేయండి. ఆ తర్వాత కాపీ ఎక్స్‌మోడెమ్: ఫ్లాష్: పక్కనే ఫైలు పేరు ఇచ్చి, టెరాటర్మ్‌లో సెండ్ నొక్కండి. అయ్యాక బూట్ ఫ్లాష్: తో అదే పేరు ఇవ్వండి. చివర్లో రెండు స్విచ్‌లలోనూ లైన్ కన్సోల్ 0 కింద స్పీడ్ 9600 పెట్టి సేవ్ చేయండి. లేకపోతే ఇవి రేపు ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు వాళ్లూ ఇక్కడికొచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు.

రెండూ కలిపే ముందు షో వీటీపీ స్టేటస్ చూడండి. వీటీపీ అంటే స్విచ్‌లు వీలాన్ జాబితాను తమలో తాము పంచుకునే సిస్కో పద్ధతి. రెండింటిలో డొమైన్ పేరు ఒకటే ఉండి, ఒకదాని రివిజన్ నంబర్ ఎక్కువ ఉంటే దాని వీలాన్ జాబితా రెండోదాన్ని తుడిచిపెట్టేస్తుంది. మీ ఇంట్లో పోయేదేమీ లేదు. ఉద్యోగంలో మాత్రం పాత స్విచ్ తెచ్చి గుచ్చి ఫ్లోర్ మొత్తం పడగొట్టిన వాళ్లు ఉన్నారు. డిలీట్ ఫ్లాష్:వీలాన్.డాట్ కొట్టి రీలోడ్ చేసుకోండి. కాన్ఫిగ్ చెరిపినా ఈ ఫైలు విడిగా మిగిలే ఉంటుంది.

ఇక కొనడం. ఇప్పుడే కొనకండి. ఈ రెండింటితో వీలాన్లు, ట్రంక్ (ఒకే కేబుల్ మీద పలు వీలాన్లు), స్పానింగ్ ట్రీ, ఈథర్‌ఛానల్ (కేబుళ్లను ఒకటిగా జతకట్టడం), పోర్ట్ సెక్యూరిటీ, స్పాన్ (ఒక పోర్టు ట్రాఫిక్‌కి ఇంకో పోర్టులో నకలు) పెట్టి వైర్‌షార్క్‌తో ప్యాకెట్లు చూడటం, అన్నీ అవుతాయి. అవ్వనివి: లేయర్ 3 స్విచింగ్ (స్విచ్‌లోనే రౌటింగ్), గిగాబిట్. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్) కూడా 2950లో ఎన్‌హాన్స్‌డ్ ఇమేజ్ క్రిప్టో రకంలోనే ఉంటుంది. ఉన్నా కొత్త ఓపెన్ఎస్ఎస్‌హెచ్ దాంతో మాట్లాడదు, డిఫీ-హెల్‌మన్ గ్రూప్1 లాంటి పాత పద్ధతులను 7.0 వెర్షన్ నుంచే డిఫాల్ట్‌గా ఆపేసింది. ఆ పాత పద్ధతులను ఆప్షన్లలో విడిగా ఇస్తే కలవొచ్చు.

ఒకటే కొనగలిగితే 3560 చూడండి. ఐపీ బేస్ ఇమేజ్‌తోనే వీలాన్ల మధ్య రౌటింగ్ చేస్తుంది, రౌటర్ ఖర్చు తప్పుతుంది. చిన్న తేడా: 2950కి 802.1క్యూ (ఫ్రేమ్ మీద వీలాన్ నంబర్ ట్యాగ్ వేసే పద్ధతి) ఒక్కటే తెలుసు కాబట్టి ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ కమాండే ఉండదు. 3560కి ఐఎస్ఎల్ (సిస్కో సొంత పాత పద్ధతి) కూడా తెలుసు, అందుకే డాట్1క్యూ అని ముందు చెబితేనే మోడ్ ట్రంక్ ఒప్పుకుంటుంది. 3560లో పీఓఈ (ల్యాన్ కేబుల్ మీదే కరెంటు ఇచ్చే) రకం చవగ్గా కనబడితే టెంప్ట్ అవ్వకండి. ఐపీ ఫోన్లు, యాక్సెస్ పాయింట్లు లేకపోతే ఆ పెద్ద పవర్ సప్లై, దాని మోత మీకు దండగ.

3560 దొరక్కపోతే 2960. ల్యాన్ బేస్ (ఎక్కువ ఫీచర్ల ఇమేజ్) తీసుకోండి, ల్యాన్ లైట్ వద్దు. 2960-24-ఎస్ లాగా పేరు చివర ఎస్ ఉంటే అది లైట్. ల్యాన్ బేస్‌లో 12.2(55)ఎస్ఈ నుంచి ఎస్‌డీఎమ్ ప్రిఫర్ ల్యాన్‌బేస్-రౌటింగ్ పెడితే 16 స్టాటిక్ రూట్ల దాకా పని చేస్తుంది, నేర్చుకోవడానికి అది చాలు. పడగ్గదిలోనే పెట్టుకోవాలంటే 2960-8టీసీ-ఎల్. ఎనిమిది పోర్టులది, ఫ్యాన్ లేదు.

కొనే ముందు అమ్మేవాళ్లను షో వెర్షన్ ఫొటో అడగండి, ఇమేజ్ పేరులో కే9 ఉంటే ఎస్ఎస్‌హెచ్ ఉన్నట్టు. "పవర్ ఆన్ అవుతుంది, టెస్ట్ చేయలేదు" అన్నదాన్ని ముట్టుకోకండి. టెస్ట్ చేయడానికి పట్టేది ఐదు నిమిషాలు, చేయలేదంటే చేసే ఉంటారు. పవర్ కార్డ్ ఇవ్వలేదని మాత్రం వదులుకోవద్దు, కంప్యూటర్‌కి వాడేదే సరిపోతుంది. సిస్టమ్ లైటు బూట్ అయ్యాక కూడా కాషాయంలోనే ఉంటే పోస్ట్ (ఆన్ అయ్యేటప్పుడు చేసుకునే స్వీయ పరీక్ష) ఫెయిల్ అయినట్టు, అది వద్దు.


ట్యాగ్‌లెస్:

సిస్కో పేరు తప్ప ఇంకేదీ కనబడదా మీకు? ఇతని దగ్గర పాత పీసీ ఉంటే లైనక్స్ ఎక్కించి, నేమ్‌స్పేస్‌లు (ఒకే పీసీలో వేరువేరు నెట్‌వర్క్‌లు), బ్రిడ్జ్ వీలాన్ కమాండ్లతో 802.1క్యూ మొత్తం ఒక్క రూపాయి లేకుండా నేర్చుకోవచ్చు. టీసీపీడంప్ (ప్యాకెట్లు చూపించే కమాండ్) పెడితే ట్యాగ్ కళ్లారా కనబడుతుంది. మైక్రోటిక్ సీహెచ్ఆర్ (సాఫ్ట్‌వేర్ రౌటర్) వర్చువల్ మెషీన్‌లో ఉచితంగా నడుస్తుంది, ఇంటర్‌ఫేస్‌కి 1 ఎంబీపీఎస్ పరిమితి ఉన్నా ల్యాబ్‌కి అది అడ్డు కాదు. ఇంట్లో నిజంగా వాడుకోవడానికి గిగాబిట్ కావాలంటే వెబ్ పేజీలో సెట్ చేసుకునే చిన్న ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్ కొత్తదే తీసుకోండి. ఇరవై ఏళ్ల పవర్ సప్లైని 24 గంటలూ ఆన్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు.


రాత్రిషిఫ్ట్:

లైనక్స్ మాట ఒప్పుకుంటాను. పవర్ సప్లై మాట ఇంకా ఒప్పుకుంటాను. పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉబ్బుతాయి, ల్యాబ్ చేస్తున్నప్పుడే ఆన్ చేసి అయ్యాక తీసేయండి. పోర్ట్24, ఇంకో మాట: ఒకవేళ పవర్ పోతే మూత తీసి సప్లైలో వేలు పెట్టకండి. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్‌లో ఛార్జ్ నిలిచి ఉంటుంది.

స్మార్ట్ స్విచ్ దగ్గర మాత్రం నా దారి వేరు. ఇంటికి అది మంచిదే. నేర్చుకోవడానికి కన్సోల్ లేని స్విచ్ కొనడం నాకు నచ్చదు. వెబ్ పేజీలో టిక్ పెడితే వీలాన్ వస్తుంది, బూట్ ఎలా అవుతుందో, ఇమేజ్ ఎక్కడుందో, పాస్‌వర్డ్ పోతే ఏం చేయాలో ఏమీ తెలియదు. ఐపీ మర్చిపోతే పిన్నుతో రీసెట్ ఒక్కటే దారి. రౌటింగ్ ప్రోటోకాల్స్, ఓఎస్‌పీఎఫ్ లాంటివి, ఏసీఎల్‌లు (ట్రాఫిక్ వడపోత నియమాలు), ఇవన్నీ ప్యాకెట్ ట్రేసర్‌లోనో, అలాంటిదే అయిన జీఎన్ఎస్3లోనో చేసుకోండి, దానికి ఇనుము అక్కర్లేదు. స్విచింగ్ ఒక్కటే చేత్తో పట్టుకుని నేర్చుకోవాలంటాను. జీఎన్ఎస్3 లోపలి డైనమిప్స్ కూడా రౌటర్లను అనుకరిస్తుంది గానీ క్యాటలిస్ట్‌ను అనుకరించలేదు, స్విచింగ్ పని అంతా విడిగా ఏసిక్ (ఆ ఒక్క పనికే చేసిన) చిప్‌లో జరుగుతుంది కాబట్టి.


జీరోహార్డ్‌వేర్:

సరే, తూకం మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్యాన్ మోత మాట మాత్రం అలాగే ఉంటుంది.


పోర్ట్24:

అప్‌డేట్. బీ లేచింది! మొదటిసారి 87 శాతం దగ్గర ల్యాప్‌టాప్ స్లీప్‌కి వెళ్లి ట్రాన్స్‌ఫర్ పోయింది. టెన్షన్ వచ్చింది గానీ బూట్‌లోడర్‌కి ఏమీ కాలేదు, రెండోసారి పూర్తయింది. స్నేహితుడి చేత క్రాస్ఓవర్ చేయించాను, లైటు ఆకుపచ్చగా వచ్చింది. వీలాన్.డాట్ రెండింటిలోనూ తీసేశాను. కన్సోల్ వేగం దించాను.

ట్రంక్ నేనేమీ పెట్టకుండానే వచ్చేసింది, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్‌లో కనబడుతోంది. వీలాన్ 1లో ఉన్న పీసీలు పింగ్ అవుతున్నాయి. ఏలో వీలాన్ 20 చేసి ఒక పీసీ అందులో పెట్టాను. బీ వైపు ఇంకో పీసీ పోర్టుకి ఏమీ పెట్టలేదు, వీలాన్ 20 ట్రంక్ మీదుగా దానంతట అదే వస్తుందనుకున్నాను. పింగ్ వెళ్లడం లేదు.


రాత్రిషిఫ్ట్:

ట్రంక్ దానంతట అదే రావడం మామూలే, 2950 పోర్టులు డిఫాల్ట్‌గా డైనమిక్ డిజైరబుల్‌లో (ట్రంక్ కావాలని తామే అడిగే మోడ్) ఉంటాయి. 2960 అయితే డైనమిక్ ఆటో, రెండు 2960లు ఎదురెదురుగా పెడితే ఎవరూ ముందు అడగరు కాబట్టి ట్రంక్ రాదు. మీరు రెండు వైపులా మోడ్ ట్రంక్ అని చేత్తో పెట్టేయండి.

వీలాన్ 20కి: బీలో షో వీలాన్ బ్రీఫ్ కొట్టండి. జాబితాలో 20 ఉందా? ఉంటే పీసీ పోర్టు అందులోనే ఉందా? ట్రంక్ ఫ్రేమ్‌ను మోసుకొస్తుంది, వీలాన్‌ను తయారు చేయదు. పీసీ పోర్టు ఏ వీలాన్‌లో ఉండాలో ఆ స్విచ్‌కి విడిగా చెప్పాల్సిందే.


పోర్ట్24:

బీలో 20 లేదు, పీసీ పోర్టు కూడా వీలాన్ 1లోనే ఉంది. రెండూ సరిచేశాను, పింగ్ వెళ్తోంది. ఇప్పుడు రెండో క్రాస్ఓవర్ కూడా పెట్టి చూస్తే ఒక పోర్టు కాషాయంలోనే ఉండిపోయింది. ఇది స్పానింగ్ ట్రీ బ్లాక్ చేసిందే కదా?


రాత్రిషిఫ్ట్:

అదే. షో స్పానింగ్-ట్రీ వీలాన్ 1 కొట్టి రూట్ బ్రిడ్జ్ (స్పానింగ్ ట్రీకి కేంద్రమైన స్విచ్) ఏదో చూడండి, కాషాయం లైటు రూట్ కాని స్విచ్‌లో ఉంటుంది. తర్వాత మొదటి కేబుల్ పీకి, కాషాయం ఆకుపచ్చ కావడానికి ఎంత సేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. ఆ తర్వాత రెండింటిలోనూ ర్యాపిడ్-పీవీఎస్‌టీ (వేగంగా మారే స్పానింగ్ ట్రీ) పెట్టి మళ్లీ పీకండి. ఇమేజ్ పాతదైతే ఆ కమాండ్ తీసుకోకపోవచ్చు, అప్పుడు షో వెర్షన్ ఇక్కడ పెట్టండి.